సరస్తీరపు రేవులు: ఫిన్లండు దేశమున తివాచీల క్షాళనము

ఉత్తర ఐరోపాయందలి ఫిన్లండు దేశమున, 500 చదరపు మీటర్లకు మించిన జలాశయములను మాత్రమే లెక్కించినను, 1,87,000కు పైగా సరస్సులు కలవు. ఆ సరస్సుల యొడ్డులందును, సముద్రపు దీవులయందును, అడవుల యంచులందును అచ్చటి జనులు కట్టుకొన్న వేసవి కుటీరములు సుమారు 5 లక్షలు. కొయ్యదూలములు పేర్చి నిలిపిన ఆ కుటీరములలో గోడయు కొయ్యయే, నేలయు కొయ్యయే. ఆ నేలమీద ఈ గోడనుండి ఆ గోడవరకు చారలచారలుగా పరచిన తివాచీలే ఆ యింటికి ఉన్న రంగు, ఉన్న అలంకారము. ఏటేట వేసవిలో ఈ తివాచీలను సరస్సునకు గొనిపోయి కడిగి తెచ్చుకొను ఆచారము ఆ దేశమున ఎట్లు పుట్టినది, ఎట్లు ఊరూర వ్యాపించినది, తుదకు ఏ కారణమున నీటిని విడిచి మెరకమీదికి వచ్చినది అను వృత్తాంతము, చెరువులను నమ్ముకొని బ్రదికిన మనవంటి జనులు ఓపికగా వినదగినది.

పూర్వము ఫిన్లండు పల్లెవాసుల యిండ్లలో నేలపై పరపు లేదు. పొగగొట్టము లేని గదిలో రాతిపొయ్యి రగుల్చుకొని, దూలములపై మసి పేరుకొనగా, ఆ పొగక్రిందనే వంటయు నిద్రయు సాగించిన కుటుంబములు దేశపు తూర్పుభాగమున 19వ శతాబ్దమునందును ఉండెను. అట్టి యింటిలో రంగుల బట్టను కాలిక్రింద పరచుట ఊహకందని విలాసము. పండుగ వచ్చినచో కొయ్యపలకలపై ఇసుక చల్లి తెల్లబడునట్లు రుద్ది కడుగుదురు. సువాసనకై జూనిపరు చెట్టు రెమ్మలను నేలపై వెదచల్లుదురు. క్రిస్మసునాడు ఇంటినిండ గడ్డి పరచి దానిమీదనే శయనింతురు. గొఱ్ఱెబొచ్చు దొరకినంతయు ఒంటికి కప్పుకొనుటకును పడకకును సరిపోవుచుండగా, నేలకు మిగులునది ఏమియు లేకుండెను.

ప్రాతబట్టల తివాచీ ఈ దారిద్ర్యము సడలిన కాలమున పుట్టినది. ముందుగా పశ్చిమభాగపు భూస్వాముల యిండ్లలోను మతగురువుల గృహములలోను అతిథులు వచ్చినపుడు మాత్రము పరచు వస్తువుగా కనిపించి, 19వ శతాబ్దాంతమునకు సామాన్య కర్షకుల యింటికిని చేరెను. మన యిండ్లలో చినిగిన చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టినట్లే, వారును చొక్కాలు, దుప్పట్లు, గౌనులు శిథిలమైన పిమ్మట వానిని వ్రేలెడు వెడల్పు పేలికలుగా కత్తిరించి, ఉండలుగా చుట్టి, మగ్గముమీద పేకగా నేయుదురు. పేక ఎంత ప్రాతదైనను పడుగు మాత్రము క్రొత్తదిగాను గట్టిదిగాను ఉండవలయును. ఆ గట్టినూలు చౌకగా లభించుట యంత్రయుగపు వరము. జేమ్స్ ఫిన్లేసన్ అను స్కాట్లండు దేశీయుడు 1820లో తాంపెరె పట్టణమున నెలకొల్పిన కర్మాగారము కొలది కాలముననే నూలుమిల్లుగా మారి, దేశమందెల్ల పేరుగాంచెను. రెండు మహాసరస్సుల నడుమ 18 మీటర్ల పల్లమునకు ఉఱుకు ఏటివేగమే ఆ మిల్లు చక్రములను త్రిప్పిన శక్తి. తివాచీకి పడుగును సమకూర్చినదియు, మాసిన పిమ్మట దానిని కడిగినదియు ఒక్క సరోజలమే యని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

తివాచీకి వాడుకవలన కలుగు చేటుకంటె ధూళివలన కలుగు చేటు హెచ్చు. పాదములతో వచ్చిన ఇసుకరేణువులు పోగుల మొదళ్లకు దిగి, నడచినప్పుడెల్ల సన్నని ఱంపమువలె వానిని కోయును. పైకి మాపు కనిపించునప్పటికే లోన కొంత నష్టము జరిగియుండును. కావుననే ఆ దేశపు గృహిణులు తివాచీలకు రెండు ఋతువులలో రెండు విధములైన శుద్ధిని ఏర్పరచిరి. శీతకాలమున పొడిమంచు కురిసిన దినమున తివాచీని మంచుమీద బోర్లవేసి, బెత్తముతో బాది, ఎత్తి మరియొక తెల్లని తావున వేయుదురు. తొలుత వేసినచోట బూడిదవన్నె మచ్చ మిగులును, రెండవచోట పలుచనగును, మచ్చ కానరాని వరకు ఈ పని సాగును. గడ్డకట్టిన గాలిలో మంచు కరగదు గనుక బట్ట తడియదు, తడియదు గనుక రంగు చెదరదు. పట్టణములందలి బహుళాంతస్తుల భవనముల పెరళ్లలో నేటికిని తివాచీలు దులుపు కమ్మీలు నిలిచియుండుటయు, ఇరుగుపొరుగుల శాంతికొరకు దులుపుటకు వేళలు నిర్ణయింపబడియుండుటయు ఈ యలవాటు ఎంతగా వేరూనెనో తెలుపును.

వేసవి శుద్ధి జలముతో జరుగును. జూను మాసమున, రాత్రియు చీకటి పడని దినములలో, యుహన్నుస్ అను ఉత్తరాయణాంతపు పండుగకు ముందు, ఇంటనున్న తివాచీలన్నియు చుట్టబడి తోపుడుబండిమీదనో పడవమీదనో రేవునకు చేరును. రేవనగా నీటిలోనికి చొచ్చుకొనిపోయిన కొయ్యవేదిక. దానిపై నడుమెత్తు బల్లలు, ప్రక్కన నీరు ఓడ్చుటకు కమ్మీలు. తివాచీని తొలుత సరస్సులో ముంచి నాననిత్తురు; బల్లపై పరచి సబ్బు పూసి, మొక్కల వేళ్లతో కట్టిన కుచ్చెతో పేక సాగిన వైపునకే రుద్దుదురు. అడ్డముగా రుద్దినచో పేలికలు పడుగునుండి జరిగి చారలు వంకరలు పోవును. సబ్బు వదలునంతవరకు మరల మరల ముంచి ఎత్తుదురు. తడిసిన తివాచీ బరువు ఒక్కరి చేతులకు లొంగునది కాదు. ఇరువురు చెరియొక కొన పట్టుకొని లయగా ఎత్తవలయును, చేతితో త్రిప్పు రెండు రోలర్ల నడుమకు అందింపవలయును. అందువలననే ఈ పని ఎన్నడును ఒంటరి పని కాలేదు. తల్లియు కూతురును, అత్తయు కోడలును, ఇరుగమ్మయు పొరుగమ్మయు కలిసి రేవునకు వచ్చుటయు, ఒక తివాచీ నీరోడుచుండగా గట్టున కాఫీ కాచుకొని త్రాగుటయు, ఇది ఎవరి చొక్కా, ఇది ఎవరి పెండ్లినాటి గౌను అని చారచారను గుర్తుపట్టుకొనుటయు ఆ దినపు సంపద. కుటుంబ చరిత్రను అంత ఓపికగా ఏటేట చదువుకొను అవకాశము మరియెందును వారికి దొరకదు.

వాడు సబ్బును ఆ యడవులే ఇచ్చినవి. కాగితపు మిల్లులలో పైన్ చెట్ల దారువును రసాయనములతో ఉడికించి గుజ్జు చేయునపుడు ఆ చెట్టు జిగురు నురుగువలె పైకి తేలును. దానినుండియే గోధుమవన్నెయు ఘాటైన వాసనయు కల పైన్ సబ్బు తయారగును. ఫిన్లండువారికి వేసవి యనగానే స్ఫురించు పరిమళములలో తడి కొయ్యతో కలిసిన ఈ సబ్బు వాసన యొకటి. రాజధానియగు హెల్సింకి నగరముసైతము తన సముద్రతీరమున పౌరులకు ఇట్టి రేవులను కట్టించి ఇచ్చినది.

నేలకు పరచు ప్రాతబట్టల తివాచీ ధర్మము వేరు, రుయ్యు అను ఉన్ని తివాచీ ధర్మము వేరు. పొడవైన ఉన్నిముడులతో నేసిన రుయ్యు మొదట పడకపై కప్పుకొనునది. 15వ శతాబ్దపు లిఖితములందే దాని ప్రస్తావన కలదు. తోలుదుప్పటి ఉప్పునీట తడిసిన బిగుసుకొనిపోవునుగాని ఉన్ని అట్లు కాదు గనుక దీవులయందలి పడవవారికి అది ప్రాణాధారమాయెను. అనంతరము వధూవరుల నామాక్షరములతోను సంవత్సరపు అంకెలతోను అలంకృతమై వివాహవస్త్రమాయెను. చిత్రకారుడు ఆక్సెలి గాలెన్-కాల్లెలా రూపకల్పన చేసిన జ్వాల అను రుయ్యు 1900 సంవత్సరపు పారిస్ విశ్వప్రదర్శనమున ఫిన్లండు మందిరమును అలంకరించెను. దానిని నేయించినది 1879లో చిత్రకారిణి ఫాన్ని చుర్బెర్గ్ పూనికతో వెలసిన హస్తకళామిత్రుల సంఘము.

ఆ కాలపు కళాకారులు సరస్తీరములందు కట్టుకొన్న గృహములు నేడు స్మారకములుగా సందర్శకులకు తెరువబడియున్నవి. ముగ్గురు వాస్తుశిల్పులు 1901-03 నడుమ సరస్సు పైని కొండచరియపై నిర్మించుకొన్న హ్విత్‌త్రెస్క్, తూసుల సరస్సు చెంత సంగీతవేత్త జాన్ సిబేలియస్ 1904నుండి 1957లో మరణించువరకు నివసించిన ఐనోలా అట్టివి. నీటిగొట్టముల చప్పుడు తన ఏకాగ్రతకు భంగమని సిబేలియస్ జీవించియున్నంతకాలము ఇంటిలోనికి కుళాయినీరు రానీయలేదు. ఆ గృహమున ఒక్కొక్క కడవ నీటి విలువ ఎంతటిదో ఊహింపవచ్చును. ఇట్టి గృహములందలి వస్త్రములకు రేవు పనికిరాదు. శతాబ్దము గడచిన ఉన్నిపోగు నీటి బరువునకే తెగును. అద్దకపు రంగు పొరుగు చారలోనికి ప్రాకును. కావున సంరక్షకులు వస్త్రముపై సన్నని వలను పరచి, మెల్లని పీల్పుగల యంత్రముతో ధూళిని మాత్రమే తీయుదురు. సరస్సు చెమ్మవలన చేరు పురుగును గడ్డకట్టు చలిలో ఉంచి చంపుదురు. మడత పెట్టక చుట్టి భద్రపరచుదురు. మంచుమీద తివాచీని శుద్ధిచేసిన అవ్వల విద్యకును ఈ శాస్త్రమునకును మూలసూత్రము ఒక్కటియే: చలి మేలు, తడి కీడు.

ఇక నీటి సంగతి. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున కుటీరములు పెరిగినవి, రేవులు పెరిగినవి, పైన్ సబ్బు ప్రక్కన ఫాస్ఫేటుతో కూడిన సబ్బుపొడులు వచ్చినవి. మంచినీటి సరస్సులో నాచు పెరుగుదలకు సాధారణముగా హద్దు నిర్ణయించునది భాస్వరము. అది యెక్కువైనచో వేసవిలో నీలాకుపచ్చని నాచు తెట్టెకట్టి, స్నానమునకును త్రాగుటకును నీరు పనికిరాకుండ చేయును. ఈ చేటునకు ముఖ్యకారణములు పొలముల ఎరువులు, పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థములు; తివాచీల సబ్బునీటి పాలు మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పత్వమును సాకుగా చేసికొని ఊరకుండుటకు ఫిన్లండువారికి అవకాశముండెను. కాని వారు అట్లు చేయలేదు. పట్టణములు మురుగుకాలువతో కలిపిన కడుగుతావులను గట్టుమీద కట్టినవి. సబ్బునీరు నేలలో ఇంకునట్లు సరస్సునకు దూరముగా కడుగుమని పర్యావరణాధికారులు కుటీరవాసులకు బోధించిరి. సముద్రపు రేవులును క్రమముగా మెరకకు మారుచున్నవి. వందేండ్ల మురిపెమును వదలుకొనుట సులభము కాదు. అయినను బల్ల నిలిచినది, కుచ్చె నిలిచినది, రోలరు నిలిచినది, కాఫీయు ముచ్చటయు నిలిచినవి. సరస్సులో ముంచుట యొక్కటియే పోయినది.

బలము తగ్గిన వృద్ధులును తీరిక లేని ఉద్యోగులును నేడు తివాచీలను వృత్తి క్షాళనశాలలకు పంపుచున్నారు. అచ్చట యంత్రము దులుపును, కడుగును, పిండును. వెచ్చనిగాలి గదిలో ఆరవేయుదురు. మురుగు శుద్ధికేంద్రమునకు పోవును. మంచి క్షాళకుడు తివాచీ చేతికి రాగానే ముందుగా పడుగు బిగువును చూచును, పేలికలలో ఉన్ని యెంత, నూలెంత యని తడవి తెలిసికొనును, తడిగుడ్డతో ఒక మూల అద్ది రంగు వదలునేమో పరీక్షించును. పిమ్మటనే నీరు తాకించును. రేవున అవ్వలు చేతితో నేర్చిన జ్ఞానమే ఇది. యంత్రము దానిని తొలగింపలేదు, తొలగింపజాలదు.

మన తెలుగునాట ఏలూరు ఉన్ని తివాచీలకు పుట్టినిల్లు. పారశీకమునుండి వచ్చిన నేతగాండ్రు ఆ విద్యను తెచ్చిరని ప్రతీతి. వరంగల్లు తివాచీలు 1851 లండను మహాప్రదర్శనమున మెప్పు పొందినవి. ఆ ఏలూరు చెంతనే, కృష్ణా గోదావరుల నడుమ, 2002లో చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికయగు రాంసార్ పట్టికకెక్కిన కొల్లేటి సరస్సు కలదు. దానికి పట్టిన మాలిన్యము మనమెరిగినదే. ఇంట ప్రాత తివాచీ కల పాఠకులకు నా మనవి యిది: దానిని ఎండలో మాడ్పకుడు, బ్రష్షుతో అడ్డముగా గీకకుడు, రంగు పరీక్షింపక తడుపకుడు, తెలిసిన పనివాని చేతికిచ్చి అతని విద్యకు తగిన మూల్యమిండు. కడుగుటకు ముందు ఆ మురికినీరు ఎచ్చటికి పోవునో అడుగుడు. ఒక వస్తువు మాపును చెరువునకు అంటించుట శుద్ధి యనిపించుకొనదు.