ఇండోనేషియాలో ప్రాథమిక పాఠశాలల నిర్మాణం – ఆర్థికాభివృద్ధి

ప్రాథమిక విద్యపై వెచ్చించిన ధనం ఆర్థికాభివృద్ధికి ఏ మేరకు దోహదపడుతుందన్న చర్చలో తరచుగా ప్రస్తావనకు వచ్చేది ఇండోనేషియా అనుభవం. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగడంతో సమకూరిన అదనపు ఆదాయంలో కొంత భాగాన్ని అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం పాఠశాలల నిర్మాణానికి కేటాయించింది. అధ్యక్షుని ప్రత్యేక ఆదేశంతో ఆరంభమైనందున ఇది 'ఇన్‌ప్రెస్' పథకంగా ప్రసిద్ధి చెందింది. 1973-74 నుంచి 1978-79 వరకు 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు నిర్మించబడ్డాయి. పాఠశాలకు ముగ్గురు ఉపాధ్యాయులు, 120 మంది విద్యార్థులు అన్నది నాటి ప్రమాణం.

కేటాయింపు విధానం అధికారులు ప్రత్యేకించి గమనించదగినది. 1972లో ఏ జిల్లాలో ఎందరు బాలలు బడి బయట ఉన్నారన్న లెక్కను బట్టి భవనాల సంఖ్య నిర్ణయించబడింది. తత్ఫలితంగా, చదువులో వెనుకబడిన జిల్లాలకే అధిక వాటా దక్కింది. 7-12 సంవత్సరాల బాలల నమోదు 1973లో 69 శాతం కాగా, 1978 నాటికి 83 శాతానికి చేరింది. 1984లో ఆరేళ్ల నిర్బంధ విద్య, 1994లో తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య ప్రకటించబడ్డాయి.

ఈ బాలలు పెద్దవారై ఉద్యోగాలలో చేరిన తరువాత వారి వేతనాలను ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో పరిశీలించారు. అభిజిత్ బెనర్జీ, మైకేల్ క్రెమర్‌లతో కలిసి 2019లో నోబెల్ పురస్కారం అందుకున్నది ఈమెయే. 2001లో ప్రచురితమైన ఈ అధ్యయనం ప్రకారం, ప్రతి వెయ్యి మంది బాలలకు అదనంగా ఒక పాఠశాల నిర్మించినచో చదువు సగటున 0.12 నుంచి 0.19 సంవత్సరం వరకు, వేతనం 1.5 నుంచి 2.7 శాతం వరకు పెరిగాయి. చూపునకు ఇవి స్వల్పమైన అంకెలే. అయితే ఈ పెరుగుదల ఒక ఏడాదితో ముగిసేది కాదు.

కాగా, ఈ పథకానికి మరో పార్శ్వం కూడా ఉన్నది. చదువుకున్న యువకులు అధికంగా వచ్చిన జిల్లాలలో పెట్టుబడులు అంత వేగంగా పెరగలేదు. అందువల్ల పథకం ప్రయోజనం అందని పాత తరం కార్మికుల వేతనాలపై ప్రతికూల ప్రభావం పడినట్లు డఫ్లో 2004 నాటి అధ్యయనంలో వెల్లడైంది. 1997 సంక్షోభానికి ముందు మూడు దశాబ్దాలలో దేశం సాధించిన సుమారు 7 శాతం సగటు వార్షిక వృద్ధికి చమురు, వరి దిగుబడి, వస్త్ర ఎగుమతులు కూడా కారణాలే. ఘనతనంతటినీ పాఠశాలలకే ఆపాదించడం సమంజసం కాదు.

నమోదును, నేర్చుకోవడాన్ని ఒకటిగా భావించి వార్తలు రాయడం పరిపాటి అయింది. 2018లో నిర్వహించిన అంతర్జాతీయ 'పీసా' పరీక్షలో 15 ఏళ్ల ఇండోనేషియా విద్యార్థులలో పఠనంలో కనీస స్థాయిని అందుకున్నవారు 30 శాతం మాత్రమే.