తొండ మెడ ఎరుపు, పాముల సయ్యాట

విశాఖపట్నం తీరంలోని అచ్యుతాపురం చుట్టుపక్కల జీడితోటల్లో, సరుగుడు తోపుల్లో ఎండలు ముదిరే నాటికి మగ తొండలకు తల, మెడ, భుజాలు ఎర్రబారతాయి. కంచె గుంజ కొసన ఎక్కి కూచున్న తొండ ముందుకాళ్ల మీద ఒంటిని లేపుతుంది, దించుతుంది. తల ఆడిస్తూ గొంతు కింది తోలు ఉబ్బిస్తుంది. ఈ ఆట చూసేవి రెండు రకాలు: దగ్గర్లో ఉన్న ఆడది, పక్క కంచె మీది మరో మగది. మొదటిదానికి అది పిలుపు, రెండోదానికి హెచ్చరిక. పోట్లాటలో ఓడిన మగదాని ఎరుపు చూస్తుండగానే వెలిసిపోయి ఒళ్లు మట్టిరంగుకు తిరుగుతుంది.

ఆ ఎర్రని గొంతును చూసి భారతదేశంలోని ఇంగ్లీషువాళ్లు తొండకు ‘బ్లడ్ సక్కర్’ అని పేరు పెట్టారు. తొండ రక్తం తాగదు, దాని తిండి పురుగూపుట్రా. 1802లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ పెట్టిన శాస్త్రీయ నామంలోని ‘వెర్సికలర్’ అనే మాట రంగుల మార్పునే చెబుతుంది. ‘తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది’ అనే తెలుగు సామెత కూడా ఆ మార్పు మీద పుట్టిందే. జంతుశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేరు కుటుంబాలవి, ఎంత ముదిరినా ఒకటి మరొకటి కాదు. అయితే సామెత కట్టినవాళ్ల చూపు మాత్రం తప్పు కాదు: రెండూ రంగును మాటలా వాడుకునే జీవులే. ఊసరవెల్లి రంగు మార్చేది దాక్కోడానికే అని లోకం అనుకుంటుంది కానీ, ఆ మార్పుల్లో ఎక్కువ భాగం తోటి ఊసరవెల్లుల కోసమే.

ఈ తీరంలో సరీసృపాల శాస్త్రీయ అధ్యయనం పాములతో మొదలైంది. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్, విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న తన తమ్ముడు క్లాడ్ రసెల్‌తో పాటు 1780ల తొలినాళ్లలో ఇక్కడికి వచ్చాడు. కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ 1785లో చనిపోయాక ఆ పదవి పాట్రిక్‌కు దక్కింది. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో రంగుల బొమ్మల పక్కన తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. నేడు లోకమంతా రసెల్స్ వైపర్ అనే పాముకు ఆయన రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. పసుపు, నలుపు పట్టీల పామును ‘బంగారు పాము’ అని రాసుకున్నాడు. 1803లో దోదాఁ కట్లపాముల ప్రజాతికి పెట్టిన ‘బంగారస్’ అనే పేరు ఆ తెలుగు మాటే. ఊరివాళ్లు పేరు పెట్టింది ఒంటి మీది గుర్తును చూసి; రసెల్‌కు కావలసిందీ గుర్తులే, ఎందుకంటే విషపు పామేదో కానిదేదో తేల్చడమే ఆయన ముఖ్యమైన పని. ప్రాణి బతుకులో ఆ రంగులకు పనేమిటన్న ప్రశ్న ఇంకా తల ఎత్తలేదు.

పాముల విషయంలో జనం చూపు ఒకచోట బాగా తప్పింది. రెండు జెర్రిపోతులు నిలువునా లేచి పెనవేసుకుంటే పత్రికలు ఈనాటికీ ‘పాముల సయ్యాట’ అనే రాస్తాయి. ఆ చోట కొత్త బట్ట పరిచి, దాన్ని ఇంట్లో దాచుకుంటే కలిసి వస్తుందని ఊళ్లలో నమ్మకం. జెర్రిపోతు నాగుపాముకు మగది అనే నమ్మకమూ ఉంది. పేరు చివరి ‘పోతు’ దానికి ఊతమిచ్చినట్టుంది. నిజానికి అలా పెనవేసుకునేవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు. ఒకదాని తలను మరొకటి నేలకు వంచే బలపరీక్ష అది. 20వ శతాబ్దం మధ్యకు గానీ శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి పెనుగులాటలను మగపాముల పోటీగా గట్టిగా గుర్తించలేదు. పాముల జతలో కంటికంటే వాసనదే పెత్తనం: ఆడపాము పాకిన జాడను మగది నాలుకతో పట్టుకుంటూ పోతుంది.

సాలీళ్ల కథ ఇంకో దారిన నడిచింది. నేతగాడైన సాలె పేరు ఈ పురుగుకు వచ్చింది గానీ, ఇళ్ల గోడల మీద ఈగల వెంట దూకే సాలీడు వేటకు గూడు నెయ్యదు. దానికి ఎనిమిది కళ్లు. ముందరి రెండూ గొట్టాల్లా పొడుగ్గా ఉంటాయి, కటకం కదలకపోయినా లోపలి రెటీనా అటూ ఇటూ తిరుగుతుంది. మగది ముందుకాళ్లు పైకెత్తి, వంకర టింకరగా పక్కలకు జరుగుతూ, మధ్యమధ్య ఆగుతూ ఆడదాని వైపు వస్తుంది. తొందరపడితే ఆడది దాన్ని తినేయవచ్చు. ఎదుట ఉన్నది వేట కాదు, వరుడు అని తెలియజెప్పడం ఆ నాట్యంలో సగం పని.

ఆడదాని ఎంపికే మగదాని సింగారానికి మూలమని డార్విన్ 1871లో రాశాడు. అది మగదాని ఉరకలెత్తే సత్తువే తప్ప ఎంపిక కాదని ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ వాదించాడు. అమెరికాలోని మిల్వాకీలో జార్జి, ఎలిజబెత్ పెక్హామ్ దంపతులు దూకే సాలీళ్లను కళ్లెదుట ఆడనిచ్చి, 1889లో డార్విన్ పక్షం వహించారు. 2007లో సింగపూర్ పరిశోధన మరో అడుగు వేసింది: మనిషి కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటే ఒక జాతి దూకే సాలీళ్ల జత కుదరలేదు. ఆంధ్రకు పేరు తెచ్చిన గుత్తి నీలి సాలీడుది మాత్రం వేరే తీరు. 1899లో శాస్త్రజ్ఞుడు పోకాక్ వర్ణించిన ఈ రాత్రి సంచారి ఎంత నీలంగా మెరిసినా, మగది ఆడదాన్ని పిలిచేది కాళ్లతో తట్టి పుట్టించే కంపనంతోనే.

తొండల వైపు శాస్త్రం తిరిగి చూసింది ఈమధ్యే. రాతి తొండ మగది జత కోసమైతే కొట్టొచ్చినట్టుండే రంగుల్ని, మరో మగదాన్ని ఎదిరించేటప్పుడు వేగంగా వచ్చే మార్పునీ వాడుకుంటుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2017లో చూపారు. దీనికి దగ్గరి చుట్టం తూర్పు కనుమల బండల మీద కనిపిస్తుంది. గొంతు కింద విసనకర్ర విప్పే తొండల్లో నాగార్జునసాగర్ ప్రాంతపు జాతికి 2018లో ‘సితానా తొండలు’ అని పేరు పెట్టారు. రసెల్ తరవాత రెండు వందల ఏళ్లకు మరో తెలుగు మాట శాస్త్రీయ నామమైంది.

విసనకర్ర గొంతు తొండకు చుట్టూ కనిపించే బయలు నేల కావాలి; చిన్న రాయెక్కి గొంతు విప్పినా దూరం నుంచి ఆడదాని కంట పడాలి. మామూలు తొండకు అంత పట్టింపు లేదు. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో గుంజ పోయి ప్రహరీ గోడ వచ్చినా దానికి చాలు, ఎత్తు దొరికితే ఎక్కి మెడ ఎర్రజేసుకుంటుంది.