అఫ్జల్‌గంజ్‌లో క్లోరోఫాం పరీక్ష

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగ్గానే నాకు మన బడి సైన్సు గదిలోని లోలకం గుర్తొచ్చింది. దారానికి వేలాడే ఇనుప గుండు, బ్యాచ్ మొత్తానికీ ఒక్కటే స్టాప్‌వాచ్. ఇరవై డోలనాలు లెక్కపెట్టాలి. నేను పెట్టలేదు. గురుత్వ త్వరణం 980 అని పుస్తకంలో ఉంది కదా, వెనక నుంచి లెక్కగట్టి కాలాలు రాసేశాను. మాస్టారు రికార్డు చూసి, "ఇవి గడియారం చెప్పినవా నాయనా, పుస్తకం చెప్పినవా?" అన్నారు. తల దించుకున్నాను.

అదే ప్రశ్న వేయదగిన పెద్ద ప్రయోగం ఒకటి మన ఊళ్లోనే జరిగిందని చాలా ఏళ్లకు చదివాను. చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ మీదుగా వెళ్లి మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట ఆనాడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 వరదలో అది పోయింది.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడే, కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ల హానా గ్రీనర్ ఆ మత్తులో చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? వైద్యుడు నాడి చూస్తూ ఉండాలా, శ్వాస చూస్తూ ఉండాలా? ఇది బల్ల మీద పడుకున్న మనిషి ప్రాణానికి సంబంధించిన తగవు.

ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడిన్‌బరోలో సైమ్ శిష్యుడు. శ్వాసే చూడాలన్నది గురువుగారి మాట. 1888లో కుక్కల మీద పరీక్షలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చాడు. లండన్ లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం మహబూబ్ అలీ ఖాన్, మీ మనిషినే పంపండి అని వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ప్రమాదమని నమ్మినవాడు ఆయన. ఈ తెగువ నాకు చాలా ఇష్టం. కాదన్నవాడినే పిలిచి, ఖర్చు పెట్టుకుని, ఎదురుగా చేసి చూపడం!

కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులు. ఆ మూగజీవాల లెక్క చదువుతుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నూటఇరవైకి మానోమీటరు తగిలించి రక్తపు పోటు నమోదు చేశారు. చివరికి బ్రంటనే మాట మార్చుకున్నాడు. లారీ గెలిచాడు. ఆయన వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు.

కానీ మరణాలు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద అసలు సంగతి చూపించాడు. మత్తు పలచగా ఉన్నప్పుడు, భయంతోనో నొప్పితోనో అడ్రినలిన్ పొంగితే, గుండె కొట్టుకోవడం మాని ఉత్తినే వణుకుతుంది. ప్రాణం క్షణాల్లో పోతుంది. హైదరాబాదులో ఎక్కువగా చూసింది గాఢమైన మత్తును. అక్కడ ఊపిరే ముందు ఆగుతుంది. రీడింగుల్లో దొంగతనమేమీ లేదు. అడగాల్సిన ఇంకో ప్రశ్న అడగలేదంతే.

మాస్టారు నాచేత లోలకం మళ్లీ చేయించారు. ఈసారి నిజంగా లెక్కపెడితే 951 వచ్చింది. తప్పు వచ్చిందని దిగులుపడుతూ చూపించాను. ఆయన కోప్పడలేదు.

"దారం ఎక్కడిదాకా కొలిచావు?"

"ముడి దాకానండీ."

"మరి గుండు మధ్యదాకా ఎవరు కొలుస్తారు?" అని స్కేలు నా చేతికిచ్చారు.