విద్యుద్వియోజనమును దాటు త్రిస్థితి సంకేతములు

రెండు విద్యుద్వలయముల నడుమ లోహసంబంధ మేమియు లేకుండ, రెంటికి మించిన స్థితులుగల సంకేతమును ఒకదానినుండి వేరొకదానికి పంపు విద్య డిజిటల్ యుగమునకు ముందే పుట్టినది. 1858లో అట్లాంటిక్ సముద్రగర్భమున వేసిన తంతి కొలది వారములలోనే మూగవోయినను, దానిపై వార్తల నందుకొనుటకు విలియం థామ్సన్ నిర్మించిన దర్పణ గాల్వనామీటరు నిలిచినది. అందు ప్రవాహదిశ ననుసరించి కాంతిబిందువు కుడికో ఎడమకో జరుగును. ప్రవాహము లేనిచో నడుమ నుండును. చుక్కకును గీతకును భేదము కాలదైర్ఘ్యమువలన గాక దిశవలననే తెలియుచుండెను. పిమ్మట వార్లీ యను ఇంజనీరు తంతి కొనలయందు కండెన్సరులను చేర్చి భూప్రవాహముల నడ్డగింపగా, వియోజనమును త్రిస్థితియు నొక్కచోట చేరినవి.

రిలేయందు తీగచుట్టకును స్పర్శకములకును విద్యుత్సంబంధము లేదు గనుక అదియు వియోజకమే. ప్రవాహదిశను గుర్తించు ధ్రువీకృత రిలేకు బలమును గుర్తించు రిలేను తోడుచేసి, ఎడిసన్ 1874లో ఒకే తీగపై నాలుగు వార్తలు నడపెను.

1962లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ గాలియం ఆర్సినైడు పరారుణ డయోడును విక్రయమునకు తెచ్చిన పిదప, కాంతిచే వలయములను కలుపు ఆప్టోకప్లరుకు దారి యేర్పడెను. కాని కాంతికి ధనఋణములు లేవు. దాని తీవ్రతచే మూడవ స్థితిని తెలుపుదమన్నచో, ప్రవాహ బదిలీ నిష్పత్తి, అనగా డయోడు ప్రవాహముతో పోల్చిన గ్రాహక ప్రవాహము, ఒక్కొక్క పరికరమున నొక్కొక్క తీరున నుండి, వాడుకతో క్షీణించును. కావున రెండు ఆప్టోకప్లరుల డయోడులను పరస్పర విలోమముగా సమాంతరమున కలిపి, ఆ జంట నొక నిరోధకముతో శ్రేణిలో నుంచి, ఒక కొనను త్రిస్థితి నిర్గమమునకును, రెండవ కొనను సరఫరా వోల్టేజిలో సగమునకును కలుపుట సులభమార్గము. 5 వోల్టుల సరఫరాయైనచో సగము 2.5 వోల్టులు, డయోడు సుమారు 1.2 వోల్టులు గ్రహింపగా మిగిలిన 1.3 వోల్టులకు 270 ఓముల నిరోధకము దాదాపు 5 మిల్లీఆంపియర్ల నిచ్చును. నిర్గమము ఉచ్చస్థితిలో నొకటి, నిమ్నస్థితిలో వేరొకటి వెలుగును. అధిక అవరోధస్థితిలో రెండును ఆరియుండును. పీసీ814 వంటి ఏసీ ఆప్టోకప్లరు నొక్కదానిని వాడి పొదుపు చేయుదమనువారు మోసపోవుదురు: దానియందు విలోమ డయోడులు రెండున్నను కాంతిని గ్రహించు ఫోటోట్రాన్సిస్టరు ఒక్కటే యగుటచే దిశాభేదము నశించును.

ఈ అమరికకు లోపము లేకపోలేదు. ప్రవాహరహితమైన మూడవ స్థితికిని తెగిన తీగకును భేదము గోచరింపదు గనుక, యంత్రములను నడుపు వలయములయందు ఆ స్థితికి ఆపు ఆజ్ఞను కేటాయింపవలెనే గాని నడుపు ఆజ్ఞ నెన్నడును కేటాయింపరాదు.