దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పి: గర్భసంచి తొలగింపునకు ముందు హార్మోన్ చికిత్స

పొత్తికడుపులో ఆరు నెలలకు మించి కొనసాగే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. దీనికి ప్రధాన కారణాల్లో ఎండోమెట్రియోసిస్ ఒకటి. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఈ వ్యాధి. ప్రపంచవ్యాప్తంగా పునరుత్పత్తి వయసులోని మహిళలు, బాలికల్లో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

తెలుగు మహిళలకు ఎందుకు ముఖ్యం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అనవసర శస్త్రచికిత్సల నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఖరగ్‌పూర్‌లోని ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ విషయం వర్తిస్తుంది. రైల్వే ఉద్యోగుల కుటుంబాలు రైల్వే ఆసుపత్రిలోను, ఇతరులు మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలోను స్త్రీల వైద్య నిపుణులను సంప్రదించవచ్చు. నొప్పి వచ్చిన తేదీలను, నెలసరి తేదీలను రాసుకుని వెళితే, ఆ నొప్పికి నెలసరితో సంబంధం ఉందో లేదో గుర్తించడం వైద్యులకు సులభమవుతుంది.

చికిత్సలో రకాలు

అండోత్సర్గాన్ని, నెలసరి రక్తస్రావాన్ని అణచివేసి నొప్పిని తగ్గించడం ఈ మందుల పని. ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ కలిసిన మాత్రలు ఒక రకం. రెండోది ప్రొజెస్టోజన్ మాత్రమే ఉండేవి. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ మాత్ర, మూడు నెలలకోసారి వేసే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్, గర్భాశయంలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ పరికరం ఈ కోవలోనివి. వీటితో ఉపశమనం లభించనప్పుడు లూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లను పరిశీలిస్తారు. ఇవి ఎముకల సాంద్రతను తగ్గిస్తాయి కనుక, తోడుగా స్వల్ప మోతాదు హార్మోన్లను కూడా ఇస్తారు.

జాగ్రత్తలు

రక్తం గడ్డకట్టిన చరిత్ర, అధిక రక్తపోటు, కంటి ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవారికి, పొగతాగే 35 ఏళ్లు పైబడిన మహిళలకు ఈస్ట్రోజన్ మాత్రలు తగవు. ప్రొజెస్టోజన్‌తో మొదటి నెలల్లో అక్రమ రక్తస్రావం, తలనొప్పి, మనోభావాల్లో మార్పులు రావచ్చు. సంతానం కోరుకునేవారికి ఈ చికిత్స తగదు. ఇది సంతాన సాఫల్యతను పెంచదు. మందులు ఆపితే నొప్పి తిరిగి రావచ్చు.

పొత్తికడుపు నొప్పి అంతా హార్మోన్లకు సంబంధించినది కాదు. మూత్రకోశం, పేగులు, కండరాలు, నరాల సమస్యలతోనూ అది రావచ్చు. కాబట్టి హార్మోన్ మందులతో ఫలితం కనిపించకపోతే కారణాన్ని మళ్లీ వెతకాలి.

శస్త్రచికిత్స తర్వాత

గర్భసంచి తీసేసినా ఎండోమెట్రియోసిస్ నొప్పి కొందరిలో కొనసాగుతుంది. మెనోపాజ్‌కు ముందే రెండు అండాశయాలనూ తొలగిస్తే ఎముకలు బలహీనపడటం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. శస్త్రచికిత్స సూచించినప్పుడు ‘దీనికి కారణం ఏమిటి? మందులు ప్రయత్నించామా? అండాశయాలను ఉంచుతారా?’ అని అడిగి తెలుసుకున్న తర్వాతే అంగీకారపత్రంపై సంతకం చేయడం మంచిది. జ్వరంతో కూడిన నొప్పి, తీవ్ర రక్తస్రావం, గర్భం ధరించిన అనుమానం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.