క్వొక్కాతో సెల్ఫీ దిగే ముందు

ఈ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊరి నుంచి వచ్చిన అత్తయ్యలనీ పిల్లలనీ వెంటేసుకుని పెర్త్ దగ్గరి రాట్‌నెస్ట్ దీవికి వెళ్తున్నారా? గ్రూపుని నడిపించేది మీరే అయితే ఈ సంగతి కూడా చెప్పండి.

1696లో డచ్చి నావికుడు వ్లామింగ్ క్వొక్కాలని చూసి ఎలుకలనుకుని ఆ పేరు పెట్టాడు. నూంగార్ ప్రజలకి మాత్రం అది వాడ్జెమప్. 1838 నుంచి 1931 దాకా, నడుమ కొన్నేళ్ళు తప్ప, ఆదివాసీ మగవాళ్ళనీ కుర్రాళ్ళనీ అక్కడ ఖైదు చేశారు. దాదాపు 3,700 మంది. మీరు ఫొటోలు తీసుకునే పాత కట్టడాలు వాళ్ళ వెట్టిచాకిరీయే. కనీసం 373 మంది అక్కడే మట్టిలో కలిశారు. అమ్మలకి కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ సమాధుల నేల మీద 2007 దాకా టెంట్లు వేసుకున్నారు. జైలు గదుల్లో 2018 దాకా టూరిస్టులు బస చేశారు.

మనకి అండమాన్ ఎలాగో, వాళ్ళకిది అలాగ. ముందు ఆ శ్మశానం దగ్గర ఓ నిమిషం మౌనంగా నిలబడి దణ్ణం పెట్టుకోండి. క్వొక్కాలు ఎక్కడికీ పోవు.