మోటారు ఎందుకు కాలింది? ఒక ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టులో ఒక మోటారు ఆగిపోయిందనుకోండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసి "వైండింగ్ పోయింది సార్" అంటాడు. స్టోర్సులో స్పేర్ ఉంటే తెచ్చి బిగిస్తారు, లైను మళ్లీ నడుస్తుంది. కాలిన మోటారు తెల్లారాక ట్రాలీ ఆటో ఎక్కి రీవైండింగ్ షాపుకు పోతుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి కంప్యూటర్ ముందు కూర్చుని వర్క్ ఆర్డర్ మూసేస్తాడు. సమస్య అన్న గడిలో "మోటారు కాలింది" అని ఉంటుంది. కారణం అన్న గడిలోనూ అదే ఉంటుంది.

అసలు కారణం ట్రాలీలో వెళ్లిపోయింది. మోటారు విప్పిన మేస్త్రీకి చుట్టలు చూడగానే సంగతి తెలుస్తుంది. స్టార్ కనెక్షన్ మోటారుకు కరెంటులో ఒక ఫేజు రాకపోతే రెండు ఫేజుల చుట్టలు నల్లబడతాయి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. డెల్టా అయితే ఒక్క ఫేజు చుట్టలే కాలతాయి, మిగతా రెండూ బాగుంటాయి. చుట్టలన్నీ ఒకే తీరున మాడితే భారం ఎక్కువైందనో, వోల్టేజీ తగ్గిందనో, ఫ్యాను గాలి ఆడలేదనో అనుమానించాలి. ఒకే ఒక్క గాడిలో మచ్చలా కాలి మిగతాదంతా శుభ్రంగా ఉంటే అక్కడి ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు. ఒక్కో గుర్తుకు ఒక్కో మందు: ఫేజు పోయి కాలితే కాంటాక్టర్‌ను, ఫ్యూజును, ఓవర్‌లోడ్ రిలేను చూడాలి. అవి చూడకుండా కొత్త మోటారు బిగిస్తే అదీ కాలుతుంది. మేస్త్రీ మాత్రం తన పని ప్రకారం పాత తీగ కోసి తీసేస్తాడు. రాగి తుక్కుతో పాటు సాక్ష్యమూ తూకానికి పోతుంది.

యంత్రం ఎందుకు పాడైందని పద్ధతిగా అడగడం మన దేశంలో బాయిలర్ల దగ్గర తొలినాళ్లలోనే కనిపిస్తుంది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. తర్వాత దేశమంతటికీ వచ్చిన 1923 బాయిలర్ల చట్టం, ప్రమాదం జరిగితే 24 గంటల్లోగా ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని చెప్పింది. ప్రాణాపాయం ఉంటే తప్ప కారణం అడగని కాలమది.

ప్రాణాపాయం లేకపోయినా అడగాలన్న అవసరం రవాణాలో వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. ఫ్యాక్టరీలో మిషను ఆగితే నలుగురికి తెలుస్తుంది. బస్సు ఆగితే అందులో ఉన్నవాళ్లందరూ రోడ్డు మీద నిలబడతారు. అందుకే పదివేల కిలోమీటర్లకు ఎన్ని బ్రేక్‌డౌన్లు అన్న లెక్క రవాణా సంస్థలకు ముఖ్యమైన కొలమానమైంది. ఉప్పల్‌లో ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపు ఉంది. అలాంటి చోట ఇంజను విప్పిన మెకానిక్‌కు అరిగిన లైనరు కనిపిస్తుంది కానీ, ఆ ఇంజను ఎన్నాళ్లుగా వేడెక్కుతోందో డ్రైవరు రాసిన లాగ్‌షీట్ చెప్పాలి. ఆ కాగితం డిపోలో ఉంటుంది. విప్పి చూసినవాడిని, నడిపి చూసినవాడిని కలిపేదేమిటన్నదే ఈ చరిత్ర అంతటా నడిచే చిక్కు.

జపాన్‌లో టొయోటా వాళ్లు అసలు కారణం దాకా వెళ్లడానికి ఐదుసార్లు "ఎందుకు?" అని అడిగే అలవాటు చేసుకున్నారు. దానికి ఆద్యుడిగా సకిచి టొయోడాను చెబుతారు. 1978లో వెలువడిన తన పుస్తకంలో తైచి ఓనో ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ ఏ వర్క్‌షాపులోనైనా చెప్పదగ్గది. మిషను ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు? బేరింగుకు నూనె అందలేదు. ఎందుకు అందలేదు? నూనె పంపు సరిగా లాగలేదు. ఎందుకు లాగలేదు? దాని షాఫ్టు అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు దగ్గరే ఆగినవాడు ఫ్యూజులు మారుస్తూనే ఉంటాడు.

అమెరికాలో ఇదే పని సైన్యం నుంచి వచ్చింది. ఏ భాగం ఏ విధంగా చెడగలదు, చెడితే ఏమవుతుంది అని ముందే రాసుకునే పద్ధతికి 1949 నవంబరులో సైనిక ప్రమాణం వెలువడింది. 1962లో బెల్ ల్యాబ్స్‌లో వాట్సన్ మినిట్‌మాన్ క్షిపణి కోసం వైఫల్యాన్ని కొమ్మలు కొమ్మలుగా గీసే ఫాల్ట్ ట్రీ తయారుచేశాడు.

కానీ అసలైన కుదుపు విమానాలది. కాలం తీరగానే విప్పి బాగుచేస్తే చెడిపోదని అప్పటిదాకా అందరి నమ్మకం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ లెక్కలన్నీ తీసి 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి, ఇన్ని గంటలకు విప్పాలన్న గడువు పెట్టడం వల్ల మేలేమీ లేదని తేలింది. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా చెడుతున్నాయి. అంటే విప్పి బిగించడమే కొన్నిసార్లు జబ్బు తెస్తోంది. డీసీ-8 విమానానికి తొలి 20,000 గంటల ప్రయాణంలో నిర్మాణ తనిఖీలకే 40 లక్షల పనిగంటలు పట్టేవి. కొత్త పద్ధతిలో ప్రణాళిక వేసుకున్న బోయింగ్ 747కి 66,000 సరిపోయాయి. ఇంత పెద్ద మార్పుకు ఆధారం కొత్త మిషను కాదు, ఏళ్ల తరబడి ఓపికగా రాసిపెట్టిన వైఫల్యాల లెక్క. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

అన్ని లెక్కలు చేతితో తిరగేయడం కుదరదు గనక కంప్యూటర్ రావాల్సి వచ్చింది. 1960లలో విదేశీ సంస్థలు పంచ్ కార్డులతో మరమ్మతుల షెడ్యూళ్లు నడిపేవి. మన దగ్గర కంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థల్లో ఒకటి నాచారానికి దగ్గర్లోనే ఉంది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లుకు చెందిన ఏ.ఎస్. రావు సారథ్యంలో 1967లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వెలిసింది. 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. మరమ్మతుల కోసమే అమ్మే సాఫ్ట్‌వేర్లలో పేరున్న మాక్సిమో 1985లో అమెరికాలో మొదలై, 2006లో ఐబీఎం చేతికి వెళ్లింది. సంస్థల లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ శాప్‌లోనూ ప్లాంట్ మెయింటెనెన్స్ విభాగం వచ్చింది. ఏ భాగం చెడింది, ఎలా చెడింది, ఎందుకు చెడింది అని మూడు వేర్వేరు జాబితాలు అందులో ఉంటాయి. చమురు పరిశ్రమ 1999లో ఐఎస్ఓ 14224 ప్రమాణంతో ఆ మాటలకు ఒక కట్టుబాటు తెచ్చింది. ఒకడు "లీక్" అని, ఇంకొకడు "సీల్ పోయింది" అని, మూడోవాడు "కారుతోంది" అని రాస్తే కంప్యూటర్ కంటికి అవి మూడు వేర్వేరు జబ్బులు.

ఆ జాబితాలు ఏం చేయగలవో ఒక పంపుతో చూద్దాం. రసాయన పరిశ్రమలో ఒక సెంట్రిఫ్యూగల్ పంపుకు జనవరిలో మెకానికల్ సీల్ మార్చారు. మార్చిలో మళ్లీ మార్చారు. మేలో బేరింగు, జూలైలో మళ్లీ సీల్. నాలుగు పనులూ నలుగురు ఫిట్టర్లు చేశారు, ఎవరి మటుకు వాళ్లది చిన్న పనే. ఎక్విప్‌మెంట్ నంబరు కొట్టి చరిత్ర తీస్తే నాలుగూ ఒక్క తెర మీద కనిపిస్తాయి. తేదీల పక్కన ఉత్పత్తి రికార్డు పెడితే, ప్రతిసారీ ట్యాంకు ఖాళీ అయిన మర్నాడే చెడిందని తేలుతుంది. అక్కడ తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ట్యాంకు అడుగంటినా పంపు ఆగడం లేదు, ద్రవం లేక సీల్ ముఖాలు వేడెక్కి పగులుతున్నాయి. పంపును ఆపాల్సిన లెవెల్ స్విచ్ చెడితే, స్పేర్ దొరక్క ఎవరో బైపాస్ చేశారు. స్విచ్ ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లది, పంపు మెకానికల్ వాళ్లది, ఇండెంట్ స్టోర్సుది. స్విచ్ నంబరు, పంపు నంబరు వేర్వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఆ రెండిటినీ కలపదు. మిషను దగ్గరికి నడిచి వెళ్లి అడిగిన మనిషే కలపాలి.

ఈ చరిత్రకు కొత్త చిరునామా ఉప్పల్ మెట్రో డిపో. నాగోలు నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్ల తొలి దశ 2017 నవంబరులో మొదలైంది. 104 ఎకరాల ఈ డిపోలోనే రైళ్లన్నిటినీ కనిపెట్టుకునే కంట్రోల్ సెంటర్ ఉంది. ఈ తరం మెట్రో రైలులో తలుపు ఇరుక్కున్నా, బ్రేకు మందగించినా రైలులోని కంప్యూటరే సమయంతో సహా రాసుకుంటుంది. డ్రైవరు మరిచిపోయినా రికార్డు మరవదు. కానీ తలుపు ఎన్నిసార్లు ఇరుక్కుందో అది చెప్పగలదు గానీ, గాడిలో ఇసుక చేరిందా, తలుపు బెల్టు సాగిందా అన్నది విప్పిన చెయ్యే చెప్పాలి.

ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూసేవాళ్లకు నా విన్నపం ఇది. సాఫ్ట్‌వేర్ కొనే ముందే కారణాల జాబితాను మీ ఫిట్టర్లతో, ఎలక్ట్రీషియన్లతో కూర్చుని తెలుగులో రాయించండి. పది పదిహేను కారణాలు చాలు. "ఇతరములు" అన్నది తీసేయకండి గానీ, అది నొక్కితే రెండు వాక్యాలు రాయక తప్పదన్న నియమం పెట్టండి. కారణం నిజంగా రాసిన మనిషిని, ఆ కారణం తన తప్పే అయినా, మందలించకండి. ఒక్కసారి మందలిస్తే ఆ షిఫ్టు నుంచి మీకు మళ్లీ నిజం రాదు. ఇక రీవైండింగ్ షాపుకు మోటారు పంపే ప్రతిసారీ, పాత తీగ కోయకముందే చుట్టల ఫొటో తీసి పంపమని మేస్త్రీకి చెప్పండి. ఆ ఫొటో వచ్చేదాకా వర్క్ ఆర్డర్ మూయకండి.